అలవాట్లు లేని పదిహేడో నంబరు

మా అత్త రామాంజినమ్మకు ఒక్క చెడ్డ అలవాటు కూడా లేదు. ఈ మాట ఆమె రోజుకు పదిసార్లు చెప్పేది. పదకొండోసారి నేనే కాగితం మీద రాశాను. తప్పంతా అక్కడే జరిగింది.

2004 ఎండాకాలం. బెంగుళూరులోని ఒక పరిశోధనశాల వాళ్లు తనకల్లు చుట్టుపక్కల ఊళ్లలో నోటి కాన్సర్ మీద సర్వే పెట్టారు. ఇంటింటికీ తిరిగి నోళ్లు చూసే పని నాది. పుండు పడకముందే జబ్బును పసిగట్టొచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. చిన్న బ్రష్‌తో నోటి లోపలి పొరను గీకి, ఆ కణాలను సీసాలో వేసి పంపాలి. కణాలు ఇష్టమొచ్చినట్టు పెరగకుండా కాపలా కాసే జన్యువు ఒకటుంటుందట, అది చెడిందా లేదా అక్కడ చూస్తారు. పోల్చడానికి పొగాకు వాడేవాళ్లు నలభై మంది, ఏ అలవాటూ లేనివాళ్లు నలభై మంది కావాలన్నారు.

పొగాకు వాళ్లు ఒక్క పూటలో దొరికారు. అలవాటు లేనివాళ్లకే కరువు. అట్లా మా ఇంటి దాకా వచ్చాను.

"అత్తా, నోరు తెరు" అన్నాను.

"నేను నోరు తెరిస్తే నువ్వు ఓర్చుకుంటావా?" అంది.

నిజమే, పన్నెండేళ్ల కాపురంలో ఆ నోటికి జడుస్తూనే బతికాను. నవ్వుకుంటూ ఫారం తీశాను. "పొగాకు నములుతావా? బీడీ? ఆకూ వక్కా?"

"థూ! ఆకు గూడా ముట్టను. నాకే అలవాటూ లేదు. పండ్లు తోముకుంటా, అంతే. రాసుకో."

రాసుకున్నాను. ఊళ్లో నాగప్ప నోరైనా, ఓబమ్మ నోరైనా పెదవి పట్టి లాగి టార్చి వేసి చూసేదాన్ని. అత్త నోట్లో కోడలు వేలు పెట్టడమేమిటని ఆ రోజు నా చెయ్యి ముందుకు పోలేదు. బ్రష్ ఆమె చేతికే ఇచ్చి, లోపల బాగా రుద్దమన్నాను. ఆమె చటుక్కున కింది పెదవి దించి, ఎడమపక్క నాలుగుసార్లు రుద్ది ఇచ్చేసింది. నోరు మామూలుగా ఉందని చూడకుండానే రాసి పడేశాను. సీసా మీద పేరుండదు, నంబరే. పదిహేడు.

రెండు నెలల తర్వాత పరిశోధన నడిపే రాఘవేంద్ర సార్ ఫోన్ చేశాడు.

"ఏమ్మా జయంతీ, సీసాలు కలిపేసినావా? అలవాట్లు లేనోళ్లలో పదిహేడో నంబరుకు జన్యువు చెడిపోయి ఉండాది."

నాకు ఒళ్లు మండింది. ఎండలో చెప్పులరిగేలా తిరిగింది నేను, తప్పు పట్టేది ఆయన. "నేను కలిపేదాన్ని కాదు సార్. మళ్లీ పరీక్ష చెయ్యండి" అన్నాను.

"రెండుసార్లు చేసినాం. ఎవురిదో చూడు."

పేర్ల పుస్తకం తీశాను. పదిహేడు దగ్గర వేలు ఆగింది. అక్కడ నా చేతిరాతలోనే అత్త పేరుంది.

అత్త వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది. టార్చి తెచ్చి, అడక్కుండానే పెదవి పట్టి కిందికి లాగాను. లోపల గోరంత తెల్లమచ్చ. మధ్యలో ఎర్రగా, గరుకుగా ఉంది.

"ఈడ ఏం పెడతావు అత్తా?"

"ఏం పెడతా? నశ్యం. పొద్దునా మాపటికీ పండ్లు తోముకునేది. నువ్వే కదా కదిరి నుంచి తెస్తాండావు!"

నశ్యమంటే పొగాకు పొడి అని నాకు తెలియదా? తెలుసు. కానీ మా పక్క ముక్కుతో పీలిస్తేనే అది అలవాటు, పళ్లకు రాస్తే పళ్లపొడి. పన్నెండేళ్లుగా డబ్బా తెచ్చిచ్చింది నేనే. బ్రష్ చేతికిస్తే ఆమె వేలు రోజూ పోయే చోటికే పోయింది. నాకు మాత్రం ఆ చోటు చూడాలని తోచలేదు.

మిగతా ముప్పైతొమ్మిది మంది ఇళ్లకూ మళ్లీ పోయాను. పొగాకు మాటే ఎత్తకుండా, పండ్లు దేంతో తోముకుంటావని అడిగాను. ఇరవై ముగ్గురు నశ్యం డబ్బా తెచ్చి చూపించారు. ఆ లెక్క చెబితే రాఘవేంద్ర సార్ ఫోన్లోనే ఒక్కొక్క నంబరూ చెప్పించుకుని రాసుకున్నాడు.

బెంగుళూరు ఆస్పత్రిలో అత్త పెదవి నుంచి ముక్క తీసి చూశారు. కాన్సరే. ఇంకా లోతుకు దిగలేదు, కోసి తీసేస్తే బతుకుతుందన్నాడు డాక్టరు. నేను ఏడ్చేశాను. అత్త బిగుసుకుపోయి కూర్చుంది. డాక్టరు పోయాక నా కొంగు పట్టుకుంది. ఆ నోరు తడబడటం నేనెప్పుడూ వినలేదు.

"నాది ఇడ్సు. మౌనికను చూడుపో."

మౌనిక నా కూతురు, ఎనిమిదేళ్లది. నేను పొద్దున్నే మొదటి బస్సుకు సర్వేకు పోతే దాన్ని చూసుకునేది అత్తే.

"దానికేమైంది?"

"పన్ను నొస్తాందని ఏడిస్తే రవ్వంత రాసినా. తగ్గింది. అప్పట్నుంచి అదే కావాలంటాది. నువ్వు పోయినాక ఇద్దరమూ కూర్చోని తోముకుంటాము."

అత్త దగ్గర మా ఆయన తిప్పేష్‌ను ఉంచి, దొరికిన బస్సెక్కి వచ్చేశాను.

పక్కింట్లో వదిలిపోయిన మౌనికను తెచ్చి, వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి పెదవి దించాను. తెలుపు ఎక్కడా లేదు. మళ్లీ చూశాను. మూడోసారీ చూశాను. అయినా నమ్మకం కుదరలేదు. ఏం చెయ్యాలో తోచక, సంచిలోంచి కొత్త ఫారం తీసి, అందరినీ అడిగినట్టే దాన్నీ అడిగాను.

"పొగాకు అలవాటుందా?"

"ఛీ! నాకే అలవాటూ లేదమ్మా" అంది మౌనిక. "పండ్లు తోముకుంటా, అంతే."