ఎడమ చుట్టు

ఉప్పు మూట చల్లారిపోయింది. అప్పాజీ దాన్ని మోకాలి మీద నుంచి తీసి, ఇంకా వేడి ఉందేమోనని బుగ్గకు ఆనించి చూసుకుని, "రత్నం, ఇంకోసారి వెచ్చబెట్టవే" అని కేకేశాడు. లోపలి నుంచి పెనం మీద ఉప్పు చిటపటలాడిన చప్పుడు వినిపించింది. అడగక ముందే మొదలుపెట్టిందన్నమాట.

నరసాపురం రేవుకు దగ్గర్లో, రెండు గదుల ఇంటి పెరట్లో, అతని రోజు ఎప్పుడూ ఇలాగే మొదలయ్యేది. ముందు ఉప్పు కాపడం. తర్వాత నువ్వుల నూనె మర్దన. ఆ తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని, చీలమండకు చిన్న ఇసుక సంచి కట్టుకుని, కాలు చాపి పైకి లేపడం, దించడం. కాలు లేపినప్పుడల్లా మోకాలి లోపల కంకర నలిగినట్టు చప్పుడయ్యేది. పక్కింటి వాళ్లకు కూడా వినపడుతుందని అతని అనుమానం. చివరికి ఓ గ్లాసుడు రాగిజావ. అది అతనికి బొత్తిగా ఇష్టం లేదు. ముక్కు మూసుకుని తాగేవాడు.

మనిషి సన్నగా, ఎండిన తాటాకు రంగులో ఉండేవాడు. అరవై దాటినా జుట్టుకు నల్లరంగు మానలేదు. ఎడమ మోకాలు కుర్రవాడిదిలా గట్టిగా ఉండేది. కుడిది మాత్రం వాచి, ఎముక ఎక్కడుందో తెలియకుండా గుండ్రంగా తయారైంది. రెండూ ఒకే మనిషివంటే నమ్మబుద్ధి కాదు.

ఒకప్పుడు రెండు గోదావరి జిల్లాల్లోనూ సైకిలు అప్పాజీ అంటే తెలియని ఊరు లేదు. ఊరి ఖాళీస్థలంలో రాట పాతి, దానికి ఆంజనేయస్వామి జెండా కట్టి, కొబ్బరికాయ కొట్టి సైకిలెక్కితే వారం తిరిగేదాకా దిగేవాడు కాదు. తిండి సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే, కునుకు కూడా హేండిలు మీద వాలి తీసే కునుకే. మిగతా అవసరాలకు నలుగురు దుప్పటి అడ్డం పట్టుకుని సైకిలుతో పాటు నడిచేవారు. ఆ వైభవం గురించి ఇంతకంటే చెప్పుకోనక్కర్లేదు. సీటు మీద నిలబడి తొక్కడం, వెనక్కి తిరిగి కూర్చుని తొక్కడం, నేల మీద రుమాలును పళ్లతో అందుకోవడం, ఇవన్నీ సాయంత్రాల్లో జనం కోసం. అసలు పంతం ఒకటే. కాలు కింద పెట్టకూడదు.

ఆ పంతానికి తోడు ఇంకో నియమం కూడా ఉండేది. రాట ఎప్పుడూ కుడిచేతి వైపు ఉండాలి. గుడి చుట్టూ తిరిగినట్టే తిరగాలి. ఎడమ వైపు తిరగడం చితి చుట్టూ తిరిగేవాళ్ల పని అని గురువు మొదటి రోజే చెప్పాడు. అప్పాజీ ఆ మాట జవదాటలేదు. జీవితమంతా కుడివైపే ఒరిగి, కుడివైపే తిరిగాడు. సైకిలుకు కుడి పెడలు రబ్బరు ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు. మోకాలికి ఆ వీలు లేకపోయింది.

ఇప్పుడు వారం రోజుల పందేలు పెట్టించే ఊళ్లు లేవు. ఎప్పుడైనా ఓ స్కూలు వార్షికోత్సవానికో, తీర్థానికో పిలిస్తే గంటసేపు ఫీట్లు చేసి వచ్చేవాడు. ఈ రోజు అలాంటిదే ఒకటుంది. రేవు దాటి అవతల ఊళ్లో, స్కూలు గ్రౌండులో. "ఈసారి కాలు కింద పడిందంటే ఇక సైకిలెక్కను" అని రాత్రి అన్నం దగ్గర అతనే అన్నాడు. భార్య నూకరత్నం కూర వడ్డించడం ఆపి అతని మొహంలోకి చూసింది. సైకిలెక్కని అప్పాజీ ఎలా ఉంటాడో ఆమె ఊహకు అందలేదు.

కాపడం అయ్యాక ఆమె తెచ్చిన తొడుగు వేసుకున్నాడు. షాపులో అమ్మే మోకాలి పట్టీలు చెమటకు జారిపోతున్నాయని, లేసు అల్లే సూదితోనే మందపాటి నూలుతో ఆమె అల్లి పెట్టింది. ఊళ్లో ఆడవాళ్లందరూ విదేశాలకు పంపే లేసు బల్లగుడ్డలు అల్లుతుంటే, ఆమె మొగుడి మోకాలికి అల్లింది. అంచున ఓ వరస పూలు కూడా వేసింది. అప్పాజీ మొదట్లో సిగ్గుపడి, తర్వాత ఫేంటు కింద ఎవరికి కనపడుతుందిలే అని ఊరుకున్నాడు.

ఎడమ భుజం తిప్పి మొహం చిట్లించాడు.

"ఏంటండీ?"

"ఏం లేదే. నిన్న పడ్డాను కదా, చెయ్యి లాగుతోంది."

నిన్న స్టేషను వెనక ఖాళీ జాగాలో, ఎవరూ లేనప్పుడు, ఎడమ వైపు తిరిగి చూశాడు. మూడడుగులు వెళ్లకుండానే దబ్బున పడ్డాడు. ఇన్నేళ్లు సైకిలు మీద కాపురం చేసినవాడు, నేర్చుకునే పిల్లాడిలా మోచెయ్యి గీరుకుని లేచాడు. ఆ అవమానం భార్యకు చెప్పుకున్నాడు గానీ ఇంకెవరికీ చెప్పలేదు.

ముఖ్యంగా రూతుకు చెప్పలేదు. మార్కెట్టు వీధిలో ఓ గది అద్దెకు తీసుకుని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఆమె. ఎడమ వైపు తిరగమని చెప్పిందే ఆమె. రేవుకు వెళ్తూ దారిలో ఆగి, నూకరత్నాన్ని బయట సైకిలు దగ్గర ఉంచి ఒక్కడే లోపలికి వెళ్తే, మోకాలు అటూ ఇటూ వంచి చూసి పెదవి విరిచింది.

"సీటు ఎత్తు పెంచారా బాబాయ్ గారూ?"

"పెంచానమ్మా."

"రోజూ సగం చుట్లు ఎడమ వైపు తిరగమన్నాను. తిరుగుతున్నారా? ఇలాగే ఒకే వైపు ఒరిగితే వచ్చే ఏడాదికి ఈ కాలు వంగదు. నేను బెదిరించడానికి చెప్పట్లేదు."

"చూస్తున్నానమ్మా."

"ఆ నొప్పి బిళ్లలు మానేశారా? ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలకీ గుండెకీ కూడా మంచిది కాదండి. ఓసారి గుండె పరీక్ష చేయించుకుని రండి. ఇంకేమైనా నొప్పులున్నాయా?"

"మోకాలు తప్ప ఇంకేం లేదమ్మా" అన్నాడు అప్పాజీ. చెయ్యి సంగతి చెబితే పడిన సంగతి చెప్పాలి. జేబులో బిళ్లల అట్ట చప్పుడు కాకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

జనాన్నీ బళ్లనీ రేవు దాటించే పంటు మీద ఎండ ఇంకా దిగలేదు. మోటారు సైకిళ్లకూ కూరగాయల బుట్టలకూ మధ్య తన సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. బెల్లు లేదు, బ్రేకులు లేవు, మడ్‌గార్డులు లేవు. నూకరత్నం సంచిలోంచి జెండా తీసి మడతలు సరిచేస్తుంటే గోదావరి గాలి దాన్ని ఒకసారి ఆమె మొహం మీదకి, ఒకసారి అవతలికి కొట్టింది.

"చూశారా, గాలి ఎటు వీస్తే జెండా అటే తిరుగుతోంది. స్వామికే లేని పట్టింపు మీకెందుకండీ?"

"గురువుగారు..."

"గురువుగారు మోకాళ్లు నొప్పెట్టే వయసు రాకుండానే పోయారు. ఆయనకేం తెలుసు?"

అప్పాజీ నవ్వాడు.

ఈ నూకరత్నం అతనికి పందెంలోనే దొరికింది. మొగల్తూరు దగ్గర ఆమె ఊళ్లో తిరుగుతున్నప్పుడు, పరికిణీ కట్టుకున్న పిల్ల రోజూ మధ్యాహ్నం మజ్జిగ గ్లాసు చాపి నిలబడేది. అతను ఆగకుండా గ్లాసు అందుకుని, తాగి, మరుసటి చుట్టులో తిరిగిచ్చేవాడు. ఆ ఒక్క చుట్టు తిరిగేంతసేపు ఆ పిల్ల చెయ్యి చాపే ఉండేది. పందెం పూర్తయిన రోజున సైకిలు దిగి, తూలుతూనే వెళ్లి వాళ్ల నాన్నను అడిగాడు. "దిగకుండా అడిగితే ఇంకా బాగుండేది" అని ఆమె ఇప్పటికీ దెప్పుతూ ఉండేది. పిల్లలు కలగలేదు. అతను తిరిగిన ప్రతి ఊళ్లోనూ ఆమె రాట పక్కన కూర్చుని, ఓ చేత్తో మైకు పట్టుకుని జనాన్ని పిలుస్తూ, ఆ పని లేనప్పుడు లేసు అల్లుకుంటూ బతికింది.

స్కూలు గ్రౌండులో పిల్లలు అప్పటికే గుండ్రంగా కూర్చున్నారు. రాట పాతారు. కొబ్బరికాయ రెండు చెక్కలుగా సరిగ్గా పగిలింది. అప్పాజీ గోడ వైపు తిరిగి ఓ బిళ్ల వేసుకుని, మోకాళ్లు కాసేపు ఆడించుకుని, సైకిలెక్కి కుడివైపు తిరగడం మొదలుపెట్టాడు.

మొదట అంతా బాగానే నడిచింది. తొక్కుతూనే చొక్కా విప్పి మళ్లీ తొడుక్కున్నాడు. వెనక్కి తిరిగి కూర్చుని తొక్కాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. రుమాలు కోసం కిందికి వంగినప్పుడు వచ్చింది తంటా. పళ్లతో రుమాలు అందింది గానీ, పైకి లేవబోతే కుడి మోకాలు బిగుసుకుపోయింది. పెడలు పైకి వచ్చి అక్కడే ఆగింది. సైకిలు వేగం తగ్గి ఊగింది. కాలు తనంతట తానే నేల వైపు జారుతోంది. నేలకూ చెప్పుకూ మధ్య జానెడు కూడా లేదు.

"తిప్పండి!" అంది నూకరత్నం. చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచిపోయింది. ఆ మాట ఊరంతా వినపడింది.

అప్పాజీ హేండిలు ఎడమకు తిప్పేశాడు. ఒళ్లు అటు ఒరిగింది, బరువు మంచి కాలి మీద పడింది, సైకిలు బతికింది. రాట ఎడమ చేతి వైపుకు వచ్చింది. ఒక చుట్టు భయం భయంగా తిరిగాడు. రెండో చుట్టుకు రుమాలు నోట్లోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. మూడో చుట్టుకు రెండు చేతులూ వదిలేశాడు. చూస్తున్న వాళ్లకు అది ఇంకో ఫీటు. చప్పట్లు కొట్టారు. అతనికి మాత్రం కుడి మోకాలు ఉందన్న సంగతే తెలియలేదు. ఎన్నేళ్లయింది ఇలా తొక్కి! నవ్వు ఆపుకోలేకపోయాడు. నూకరత్నం లేచి మజ్జిగ గ్లాసు చాపింది. అందుకుని, తాగి, తర్వాతి చుట్టులో ఆమె చేతికిచ్చాడు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

కాలు కింద పెట్టకుండానే రాట దగ్గరకు వచ్చి, రాట పట్టుకుని దిగాడు.

తిరుగు పంటులో పొద్దు వాలింది. అప్పాజీకి చెమటలు పోస్తున్నాయి. ఎడమ చెయ్యి భుజం నుంచి చిటికెన వేలిదాకా లాగుతోంది.

"నిన్నటి దెబ్బేనా?" అంది ఆమె, చెయ్యి ఒళ్లోకి తీసుకుని పిసుకుతూ.

"నిన్నటిదీ, ఇవాళ్టిదీనూ. కొత్త వైపు కదే. ఇన్నాళ్లూ ఊరికే కూర్చున్న చెయ్యి, పని చెబితే ఏడవదూ? రెండు రోజుల్లో అలవాటు పడుతుందిలే."

అది అతనికి మంచి నొప్పిలాగే అనిపించింది. దాన్ని చూసుకుని మురిసిపోయాడు కూడా. ఆమె కూడా అలాగే అనుకుంది, పాపం. అనుకోకపోవడానికి వాళ్లిద్దరికీ ఏం తెలుసు? వాళ్ల లెక్కలో ఒంట్లో ఏ నొప్పి వచ్చినా సైకిలు వల్ల రావలసిందే.

ఇంటికి వచ్చేసరికి దీపాల వేళయింది. అప్పాజీ అరుగు మీద మడత కుర్చీలో కూర్చున్నాడు. ఆమె చేతికి నూనె రాసి, పక్కనే ముక్కాలిపీట వేసుకుంది.

"ఎడమ మోకాలికి కూడా ఒకటి అల్లెయ్యవే. ఇకనించి దానికీ పనే కదా."

"పూలెయ్యనా?"

"వెయ్యి. వెయ్యకపోతే అది అలుగుతుంది."

ఆమె దారపు ఉండ తీసి అల్లిక మొదలుపెట్టింది. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. పెనుగొండలో ఎవరినైనా అడిగి మళ్లీ ఓ పందెం పెట్టిద్దామన్నాడు. వారం కాకపోయినా మూడు రోజులు, సగం ఇటు, సగం అటు. ఇన్నేళ్లూ అటు తిరక్కుండా ఏం చేశానో అన్నాడు. రొమ్ము రుద్దుకుంటూ, "మజ్జిగుంటే ఇయ్యవే, గుండెల్లో మంటగా ఉంది" అన్నాడు.

ఆమె అల్లికను పీట మీద పెట్టి లోపలికి వెళ్లింది. మజ్జిగలో ఉప్పు వేసి, నిమ్మాకు నలిపి వేసి తెచ్చింది. అతను తల వెనక్కి వాల్చి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆమె గ్లాసు చాపింది. చెయ్యి రాలేదు. పరధ్యానంలో ఉన్నాడనుకుని, పరికిణీల నాటి అలవాటు కొద్దీ, చెయ్యి చాపే నిలబడింది. అతను ఈ చుట్టుకు కాకపోతే వచ్చే చుట్టుకు అందుకుంటాడు. మజ్జిగ మీద నురగ అంతా అణిగిపోయింది. అప్పుడు పిలిచింది. తర్వాత పిలుపు కేకైంది.

మర్నాడు అతన్ని తీసుకెళ్లాక రూతు వచ్చింది. నూకరత్నం అరుగు అంచున కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి మొహం ఉబ్బి ఉంది.

"తిప్పమన్నది నేనేనమ్మా" అంది. "మైకులో అరిచి మరీ చెప్పాను. ఆ వైపు తిరగకూడదని ఆయన ఎంత మొత్తుకున్నారో! నేనే చంపుకున్నాను."

"అయ్యో, అలా అనకండి పిన్నిగారూ. తిరగమన్నది ముందు నేను కదా. దానివల్ల ఎవరూ పోరండి."

"తిరిగినందుకే చెయ్యంతా లాగేసింది. ఎడమ చెయ్యి. నిన్న పొద్దుట్నుంచీ లాగుతూనే ఉంది. ఇంటికొచ్చాక కూడా నూనె రాశాను."

ఎడమ చెయ్యి అనగానే రూతుకు సంగతి అర్థమైంది. నిన్న ఇంకేమైనా నొప్పులున్నాయా అని తను అడగడం, అతను అరచెయ్యి జేబుకు అడ్డం పెట్టుకుని లేవనడం గుర్తొచ్చాయి. ఆ చెయ్యి ఎందుకు లాగిందో ఇప్పుడు ఈవిడకు చెప్పి ఏం చెయ్యాలి? ఒక నింద తీసేసి ఇంకో బాధ పెట్టినట్టవుతుంది. పక్కన కూర్చుని ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"తిరిగినప్పుడు నొప్పి ఉందన్నారా?"

"లేదమ్మా." నూకరత్నం మొహం తుడుచుకుంది. "నవ్వారు. మా పెళ్లప్పుడు కూడా అంత నవ్వలేదు."

సైకిలు గోడకు ఆనించే ఉంది. ముక్కాలిపీట మీద ఎడమ మోకాలి తొడుగు పూల వరస సగంలో ఆగి ఉంది. ఆఖరి ముడిలోంచి సూది ఎవరూ తియ్యలేదు.