అంచున ఉన్న చెయ్యి

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మ్‌ని. చీకట్లో తయారయ్యాను, చీకటి పెట్టెలోనే ప్రయాణం చేశాను. ఏదో ఒక రోజు ఎవరి బొమ్మో నా మీద పడుతుందని కలలు కంటూ పడుకున్నాను.

పడింది. పార్వతీపురం వైపు ఒక పిల్లల ఆసుపత్రికి నాలుగేళ్ల లిఖిత దగ్గుతూ వచ్చింది. డాక్టర్ సుగుణాకర్ ఛాతీకి ఎక్స్‌రే రాశారు. పిల్ల కుదురుగా నిలబడలేదు. "గట్టిగా పట్టుకోమ్మా" అన్నారు ఎక్స్‌రే గదిలోవాళ్లు. తల్లి పైడమ్మ పిల్ల భుజం పట్టుకుంది. రెప్పపాటులో కిరణం వచ్చి వెళ్లింది. తరవాత మందునీళ్లలో నా ఒంటి మీద తెల్లటి పక్కటెముకలు తేలివచ్చాయి. అంచున అయిదు వేళ్ల ఎముకలు, రెండు గాజులు. అంత అందమైన బొమ్మ ఏ ఫిల్ముకీ దక్కి ఉండదని మురిసిపోయాను.

డాక్టరుగారు నన్ను వెలుగుకెత్తి, మధ్యలో చూసి, "ఊపిరితిత్తులు బాగున్నాయి" అన్నారు. మనుషులు వెతికేదే చూస్తారు. అంచులు వాళ్లకు పట్టవు.

ఆ తరవాత పైడమ్మ పెట్టెలో చీరల మధ్య హాయిగా నిద్రపోయాను. చుట్టాలొస్తే నన్ను తలకిందులుగా పట్టుకుని "అబ్బో!" అనేవారు. గ్రహణం చూస్తామని పక్కింటివాళ్లు అడిగితే పైడమ్మ ఇవ్వలేదు.

"నా పిల్ల గుండికాయుంది దాన్లో. నాను ఇయ్యను."

లిఖిత మాత్రం నన్ను కిటికీకి ఆనించి, ఆ ఎముకల వేళ్ల మీద తన వేళ్లు పెట్టి ఆడుకునేది.

వానాకాలంలో దగ్గు తిరగబెట్టింది. డాక్టరుగారు అలవాటుగా మళ్లీ ఎక్స్‌రే రాస్తూ, "పాతదుందా?" అని నన్ను అందుకున్నారు. తల్లి ఒళ్లోంచి లిఖిత వేలు చాచింది.

"ఇది మాయమ్మ సెయ్యి."

ఆయన కలం ఆగింది. మొదటిసారి నన్ను అంచులదాకా చూశారు. ఛాతీకని రాసిన కిరణం గడ్డం నుంచి పొత్తికడుపు దాకా పరుచుకుని ఉంది.

"కిరణాలు తగలకుండా నీకు సీసం కోటు తొడగలేదా అమ్మా?"

"సీసం కోటా? అదేటి బాబూ? పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. పిల్లకేటైనా అయిపోద్దా?"

"ఒక్కసారికి భయం లేదమ్మా. కానీ ఎదిగే ఒళ్లు. అవసరమైనప్పుడే, అవసరమైన చోటే తగలాలి. చీటీ రాస్తే నా పనైపోయిందనుకున్నాను. తప్పు నాదే."

రాసింది కొట్టేసి, పిల్ల వీపున స్టెతస్కోపు పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు. "జలుబు దగ్గే. ఎక్స్‌రే అక్కర్లేదు" అన్నారు. తరవాత నన్ను చూపించి, "ఇది నాకిస్తావా?" అని లిఖితనే అడిగారు. అసలు చెయ్యి తన చేతిలోనే ఉంది కదా అనుకుంది కాబోలు, ఇచ్చేసింది. నాకు కొంచెం దిగులేసింది.

ఇప్పుడు ఆ ఆసుపత్రిలోనే, ఫిల్ములు చూసే లైటుపెట్టె మీద ఉంటున్నాను. కొత్త డాక్టర్లు వస్తే ఆయన ముందు నా దగ్గరికే తీసుకొస్తారు.

"ఏం కనిపిస్తోంది?"

"ఊపిరితిత్తులు బాగున్నాయి సార్."

"ఇంకా?"

వాళ్లు తడుముకుంటారు. నాకేం తొందర లేదు. వెనక లైటు వెచ్చగా ఉంటుంది. సగం నిద్రలో గాజుల చప్పుడు వినిపిస్తున్నట్టుంటుంది. ఆ చెయ్యి వాళ్లకు కనబడేదాకా ఆయన లైటు ఆర్పరు.