ఏటిమిట్ట పేర్లు ఎక్కని ఫ్లాపీ

ఆ గురువారం రూబీ చెయ్యాల్సిన పనులు ఇవి:

అవ్వను పదిన్నర బస్సుకు ఆత్మకూరు తీసుకురావాలి.
అవ్వ చీపురు మరిచిపోకూడదు.
మైకు పెట్టెలో ఉన్న ఫ్లాపీని నాయనను అడిగి తెచ్చుకోవాలి.
ఆఖరి వరస పేర్లు ఎక్కించాలి.
ఫ్లాపీ నెల్లూరు పంపి లేజర్ ప్రింటు తీయించాలి.
ఆ కాగితం సోమవారంలోగా రాయి చెక్కే కామయ్యకు అందివ్వాలి.

మొదటి మూడు పనులూ సవ్యంగానే జరిగాయి.

రూబీ వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. బి.కాం. పాసై, ఆత్మకూరు బస్టాండు దగ్గర మేడమీద చంద్రశేఖర్ నడిపే కంప్యూటర్ సెంటరులో ఏడాదిగా పనిచేస్తోంది. వాళ్లు ఉండేది సోమశిల దారిలో, ఏటిమిట్ట కాలనీలో. అసలు ఏటిమిట్ట పెన్న ఒడ్డున ఉండేది. పద్నాలుగేళ్ల కిందట డ్యాము నీళ్లు ఊరిమీదికి వచ్చాయి. ఇళ్లు పోయినవాళ్లకు కాలనీలో ఇంటి స్థలాలు చూపించారు. సమాధుల తోటకు మాత్రం ఎవరూ ఏ స్థలమూ చూపించలేదు, అడగాలని కూడా అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఆ తోటలో ఉన్నవి తొమ్మిది వరసలు, నూటనలభైమూడు సమాధులు. వాటిమీద రాతలేమీ ఉండేవి కావు. మట్టి దిబ్బ, తలవైపు ఒక ఏటి రాయి, అంతే. ఎవరిది ఏదో చెప్పగలిగింది రూబీ అవ్వ లిదియమ్మ ఒక్కతే. ఈస్టరుకు ముందురోజు తోటంతా ఊడ్చి, రాళ్లకు సున్నం కొట్టడం ఆమె పని. ఒక్కో దిబ్బ దగ్గర చీపురు ఆపి, అక్కడ పడుకున్నవాళ్ల పేరు పైకి చెప్పి, తర్వాతి దానికి జరిగేది. ఊరు మునిగాక కూడా ఆమె ఆ పని మానలేదు. రోజూ సాయంత్రం కాలనీ ఇంటి వాకిలి ఊడుస్తూ తొమ్మిది వరసలూ చెప్పుకునేది. వాకిలి శుభ్రమైపోయినా పేర్లు అయ్యేవి కావు గనుక రోడ్డు కూడా ఊడ్చేది.

ఈ ఏడు కాలనీ చర్చివాళ్లు ఒక రాయి మీద ఆ పేర్లన్నీ చెక్కించి, ఈస్టరుకు నిలబెట్టాలని తీర్మానం చేశారు. పేర్లు రాసే పని రూబీ నెత్తిన వేసుకుంది.

"కాగితం మీద రాస్తే తప్పులొస్తాయి నాయనా. కంప్యూటర్లో ఎక్కిస్తా" అంది.

ఫిబ్రవరిలో మూడు గురువారాలు అవ్వను సెంటరుకు తీసుకెళ్లింది. మొదటి రోజు కుర్చీలో కూర్చోబెట్టి, "చెప్పవ్వా" అంటే లిదియమ్మ నోరు పెగల్లేదు. అరగంట చూసి, "కూసుంటే ఎట్ట వస్తాయి మే? చీపురియ్యి" అంది. సెంటరు చీపురు ఆమె చేతికి ఇచ్చారు. కుర్చీల వరసల మధ్య ఊడ్చుకుంటూ నడుస్తుంటే పేర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆమె ఏ మాట అంటే ఆ మాట రూబీ టైపు చేసింది.

చంద్రశేఖర్ తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. "ఏంది లిదియమ్మవ్వా, మా సెంటరు అద్దంలాగా అయిపొయ్యిందే! రోజూ రారాదా?"

"జీతమెంతిస్తావబ్బయ్యా?"

"పేర్లు చెప్పకుండా ఊడిస్తే నిండు జీతం."

"అట్టయితే నీ చీపురు నువ్వే పట్టుకో పో."

మూడో వారం నుంచి ఆమె సొంత చీపురే తెచ్చుకుంది. అట్లా ఎనిమిది వరసలు, నూటముప్పై ఒక్క పేర్లు ఎక్కాయి. తొమ్మిదో వరస మిగిలి ఉండగా బళ్లకు పరీక్ష పేపర్ల పని మీదపడి, సెంటరులో ఐదు వారాలు ఊపిరాడలేదు.

సెంటరు కంప్యూటర్లలో ఎవరి పనీ దాచుకోవడానికి లేదు. నేర్చుకోవడానికి వచ్చే పిల్లకాయలు ఆటల ఫ్లాపీలతో వైరస్‌లు తెస్తారని, చంద్రశేఖర్ శనివారం శనివారం అన్నీ తుడిచేసేవాడు. ఎవరి ఫ్లాపీ వాళ్ల దగ్గరే. సెంటరులో ఉన్న ప్రింటరు మీద తెలుగు అక్షరాలు రావు. అందుకని అన్నీ అయ్యాక ఒకేసారి నెల్లూరు పంపుదామని రూబీ అనుకుంది. మొదట కాగితం మీద కూడా రాసుకుందామని ఒకసారి అనిపించింది గానీ, ఒకే పని రెండుసార్లు ఎందుకని ఊరుకుంది.

ఫ్లాపీని ఆమె నాయన మాల్యాద్రి తీసుకున్నాడు. చర్చి మైకుసెట్టు చూసుకునేది ఆయనే. "ఇంట్లో ఎలకలు. ఊరి పేర్లు దేవుడి గుళ్లో ఉండాల" అని, చర్చిలో తాళం ఉన్న ఒకే ఒక పెట్టెలో, మైకు పెట్టెలో, పాటలు వినిపించే హారను వెనక గుడ్డలో చుట్టి పెట్టాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

అవ్వ కూడా మారింది. మూడో గురువారం బస్సులో రూబీ భుజం మీద తల ఆనించి, "నా తలకాయలో బరువు దించినావు మే. ఇంక నీ పెట్టె చూసుకుంటాదిలే" అంది. ఆ సాయంత్రం నుంచి పేర్లు చెప్పుకోకుండా వాకిలి మట్టుకే ఊడ్చి, లోపలికి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చునేది. ముసలామెకు కాస్త విశ్రాంతి దొరికిందని ఇంట్లో అందరూ సంతోషించారు. అందరికన్నా ఎక్కువ రూబీ.

ఆ గురువారం రూబీ ఫ్లాపీని కంప్యూటర్లో పెట్టి, తెరిచేలోగానే అవ్వ నడక మొదలుపెట్టింది. ఆపితే మళ్లీ అందుకోదని రూబీ కొత్త పేజీలో టైపు చేసుకుంటూ పోయింది. తొమ్మిదో వరస పన్నెండు పేర్లూ వచ్చాయి. అవి ఊరు మునగబోయే ముందటి చావులు గనుక అవ్వ తడుముకోలేదు. రూబీ సేవ్ నొక్కింది.

ఫ్లాపీ గరగరమంది. ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు ఫార్మాట్ చెయ్యమంటావా అని తెరమీద పడింది.

రూబీ మౌసు మీదనుంచి చెయ్యి తీసేసింది. ఫ్లాపీ బయటికి తీసి, రాత పడకుండా ఆపడానికి మూల ఉన్న చిన్న తలుపు వేసి ఉందో తీసి ఉందో చూసింది. సరిగ్గానే ఉంది. రేకు జరిపి లోపల నోటితో ఊదింది. పక్క కంప్యూటర్లో పెట్టింది. దాని పక్కదాంట్లో పెట్టింది. సెంటరులో ఐదు కంప్యూటర్లు ఉంటే ఐదూ అదే మాట అన్నాయి.

చంద్రశేఖర్ వచ్చి తనకు తెలిసినవన్నీ చేసి చూశాడు. ఫ్లాపీని పరీక్షించే ప్రోగ్రాము ఏదో నడిపాడు. అది పావుగంట నడిచి మధ్యలో నిలిచిపోయింది.

"ఫార్మాట్ చేస్తే మళ్లీ సేవ్ అవుద్దేమో రూబీ. కానీ పాతది పోద్ది" అన్నాడు.

"పాతదే సార్ నాకు కావాల్సింది."

"తెలుసమ్మా" అని, "ఎంత పని జరిగినాదిరా దేవుడా" అంటూ అవతలికి పోయాడు.

రూబీ ముందు ఆ పన్నెండు పేర్లూ కాగితం మీద రాసుకుంది. తర్వాత అవ్వ దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది.

"అవ్వా, ఇంకొక్కసారి మొదటి వరస నుంచి నడుస్తావా?"

"ఎందుకు మే?"

"సరిచూసుకోవాల."

లిదియమ్మ లేచింది. చీపురు పట్టుకుని తలుపు దగ్గరనుంచి మొదలుపెట్టింది. మూడు పేర్లు గబగబా చెప్పింది. నాలుగో అడుగు దగ్గర చీపురు ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ ఆ మూడే చెప్పింది. మళ్లీ అక్కడే ఆగింది.

"ఆడ వేపచెట్టు. చెట్టుకు ఇవతల... ఎవురు మే?"

"నువ్వే చెప్పాలవ్వా."

"చెప్పినా గదా! అన్నీ నీకు చెప్పినా గదా. నీకాడ పెట్టుకోని నన్నడుగుతావేంది?"

అవ్వ రెండో వరసకు పోయింది. అక్కడ నాలుగో వరసవాళ్లు వచ్చారు. మొదటి వరసలో చెప్పిన మనిషే మళ్లీ వచ్చాడు. చివరికి కుర్చీ పట్టుకుని నిలబడి, చుట్టూ చూసి, "ఇంటికి పోదాం పద, కాళ్లు లాగుతుండాయి" అంది. ఐదు వారాలు ఊడవని తోట అది. ఆమెకే దారి తెలియలేదు.

మరుసటి రోజు రూబీ సెలవు పెట్టి ఉదయగిరి బస్సెక్కింది. అక్కడ కొండకింద, చెక్క గరిటెలు చెక్కేవాళ్ల వీధిలో, రాజమోహన్ అని మద్రాసులో కంప్యూటర్ రిపేరు నేర్చుకుని వచ్చినాయన ఉన్నాడని చంద్రశేఖర్ చెప్పాడు. పక్కింటి గరిటెల పొట్టు గుమ్మం దాకా వచ్చి ఉంది. ఆయన ఫ్లాపీని చేతిలో తిప్పి చూసి మొదటి మాటే అడిగాడు.

"అయస్కాంతం దగ్గర పెట్టినారామ్మా?"

"లేదు సార్. తాళం వేసి, చర్చి మైకు పెట్టెలో..." రూబీ మధ్యలోనే ఆగిపోయింది.

"హారను వెనక అరచెయ్యంత అయస్కాంతం ఉంటాది గదమ్మా. ఫ్లాపీలో ఉండేదంతా అది చెరిపేస్తాది" అన్నాడు రాజమోహన్. తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకు.

ఆయన బ్లేడుతో ఫ్లాపీ పెంకు విప్పి, లోపలి పొరను ఇంకో పెంకులోకి మార్చాడు. దాన్ని ముక్క ముక్కగా చదివే ప్రోగ్రాము పెట్టాడు. అది ఒక్కో ముక్క దగ్గర గీరుకుంటూ, ఆగుతూ, మధ్యాహ్నం మూడింటిదాకా నడిచింది. తెరమీద ఏవో గుర్తులు, కొక్కేలు, చుక్కలు వచ్చాయి. ఆయన కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేవు.

"ఇది నీ తెలుగో, ఉత్త చెత్తో నాకు తెలీదమ్మా. దొరికిందంతా కొత్త ఫ్లాపీలో పోసిస్తా. పదో వంతు ఉంటే ఎక్కువ."

తిరుగు బస్సులో రూబీ ఆ కొత్త ఫ్లాపీని కిటికీ కమ్మికి ఆనకుండా, సీటు ఇనుముకు తగలకుండా ఒళ్లో రెండు చేతుల మధ్య పట్టుకుంది. ఇనుముతో ఏమీ కాదని ఆమెకు తెలుసు. అయినా చేతులు తియ్యలేదు.

ఆత్మకూరు సెంటరులో తెరిచి తెలుగు అక్షరాలు పెట్టి చూస్తే, ఏడు పేజీల చెత్త మధ్యలో పూర్తి పేర్లు పంతొమ్మిది ఉన్నాయి. మిగతావి "మ్మ", "భార్య", "సోమయ్య కొ" లాంటి తునకలు.

సాయంత్రం మాల్యాద్రి బస్టాపు దగ్గరే ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"వచ్చినాయా పాపా?"

"కొన్ని వచ్చినాయి నాయనా."

"ఎందుకు చెడిందంట? నేను తాళం ఏసే పెట్టినా గదా. ఒక్కర్ని ముట్టుకోనీలేదే."

"పాత ఫ్లాపీ నాయనా. పాతవి అట్నే పోతాయంట."

ఆయన తలాడించి, చెయ్యి చాపాడు. "ఈ కొత్తది ఇటియ్యి. ఈ తూరి ఇంకో గుడ్డ చుట్టి పెడతా, మైకు పెట్లో."

"వద్దు" అంది రూబీ. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. "నాకాడ ఉండనీ నాయనా."

మాల్యాద్రి చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి కూతురి ముఖం చూశాడు. తర్వాత ఆ చేత్తో మొలతాడుకున్న తాళంచెవిని తడుముకుని ముందు నడిచాడు. ఆ ఆదివారం చర్చిలో మైకు పెట్టలేదు. ఎవరైనా అడిగితే గొంతు బాగలేదన్నాడు, పాడేది తాను కాకపోయినా.

శని, ఆదివారాలు రూబీ కాలనీలో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి తాతలు, ఎవరి అమ్మమ్మలు వాళ్లకు గుర్తున్నంతవరకు చెప్పారు. కొత్తగా ఇరవైమూడు పేర్లు వచ్చాయి. కొన్ని వంశాలవాళ్లు కాలనీకి రానేలేదు. నీళ్లొచ్చినప్పుడే నెల్లూరనీ, గూడూరనీ కూలికి పోయారు, ఎక్కడున్నారో తెలియదు. అవ్వను ఇంకో రెండుసార్లు చీపురుతో నడిపించింది. రెండోసారి లిదియమ్మ ఏడ్చేసరికి చీపురు తీసి లోపల పెట్టేసింది.

సోమవారం కామయ్యకు ఇచ్చిన కాగితంలో పేర్లు మొత్తం యాభైనాలుగు.

దొరికిన తునకల్లో ఒక వాక్యం మాత్రం చెడకుండా ఉంది. అవ్వ అన్నదాన్ని అన్నట్టు రూబీ టైపు చేసిన వాక్యం: "నాలుగో వరసలో ఏడోది. శీనయ్య కూతురు. పేరు పెట్టక ముందే పోయినాది."

టైపు చేసినట్టే రూబీకి గుర్తులేదు. అవ్వకు చదివి వినిపిస్తే, "ఏ శీనయ్య?" అంది. కాలనీలో ఆ శీనయ్య తాలూకు మనిషి ఎవరూ లేరు. రాయి మీద ఆ వాక్యం కూడా చెక్కిద్దామని రూబీ పాస్టరు గారిని అడిగింది.

"ఇది పేర్ల రాయమ్మా. పేరు లేని బిడ్డను ఏమని చెక్కేది?" అన్నాడాయన. ఆయన కఠినంగా అనలేదు. రాతి మీద చోటు కూడా, తీరా చూస్తే, యాభైనాలుగుకే సరిపోయింది. పెద్ద రాయి తెచ్చే వేళ దాటిపోయింది.

ఈస్టరు పొద్దున రాయిని నిలబెట్టారు. లిదియమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు నిలబెడితే, చదువురాని ఆమె రాతిమీద అరచేత్తో నిమిరి, "అందరూ వచ్చినారా మే?" అని అడిగింది.

"వచ్చినారవ్వా" అంది రూబీ.

రాని ఎనభై ఎనిమిది మంది పేర్లు ఇప్పుడు ఎవరికీ తెలియవు. తెలియని పేర్లను తలుచుకోమని ఎవరినీ అడగలేం. పేరే లేని ఆ ఒక్క బిడ్డ సంగతి మాత్రం తెలుసు. ఆమెను రాయి మీద ఎక్కించలేకపోయాం, ఆమె తాలూకు వాళ్లు ఎక్కడున్నారో కనుక్కోలేకపోయాం. ఇది చదివినవాళ్లు దయచేసి గుర్తుపెట్టుకోండి: ఏటిమిట్ట, నాలుగో వరసలో ఏడోది, శీనయ్య కూతురు.