అడ్డగడియ పాట

నేను ఒక జత భజన చెక్కలను. అరచేతిలో ఇమిడే రెండు తుమ్మ ముక్కలు, వేళ్ళు దూర్చడానికి ఇనుప ఉంగరాలు, చివర్న గలగలమనే ఇత్తడి బిళ్ళలు, అంతే నేను. ఇప్పుడు చూసినవాళ్ళు నమ్మరు గానీ, అంతకుముందు పదకొండేళ్ళు నేను తలుపుకి అడ్డంగా వేసే గడియని.

మా ఊరు సోమలవాగుపల్లె. ఉన్నవి రెండే వీధులు, పైవీధి, కిందివీధి. ఆ రెంటికీ గొడవ ఎందుకు మొదలైందని ఇద్దర్ని అడిగితే మూడు కారణాలు చెప్తారు. ఆ గొడవలో పైవీధి మద్దిలేటికి అన్న పోయాడు. చంపినవాడు కిందివీధి మనిషి, జైల్లోనే చనిపోయాడు. అతని కొడుకు సుంకన్న మద్దిలేటి ఈడువాడే. అన్నని మట్టిచేసిన మర్నాడే మద్దిలేటి పొలం గట్టున ఉన్న తుమ్మమాను కొట్టించి నన్ను చెక్కించాడు.

మగతనాన్ని ఒక్కొక్కరు ఒక్కోచోట దాచుకుంటారు. మద్దిలేటి మీసంలో దాచుకున్నాడు. పగలంతా దాన్ని మెలేసుకుంటూ తిరిగేవాడు. పొద్దుగూకగానే నన్ను బిగించి, ఆ చివర ఈ చివర తడిమి చూసి, నాకు వీపు ఆనించి కూర్చునేవాడు. అతని గుండెదడ నేరుగా నాలోకి దిగేది. భార్య లచ్చుమక్క "పండుకోరాదా" అంటే "దోమలు" అనేవాడు. పదకొండేళ్ళు ఆ ఇంట్లో దోమలే.

ఆ తర్వాత గొడవలు ఆగాయి. ఎవరూ గెలవలేదు, అందరూ అలసిపోయారు. అప్పుడు గిడ్డయ్య తాత ఇల్లిల్లూ తిరిగాడు. గొడవలకు ముందు ఊరికి చెక్కభజన నేర్పిన గురువు ఆయన.

"తిరునాళ్ళకి భజన కడదాం. వీధికి ఏడుగురు రాండి."

పాత చెక్కల్లో సగం చెదలు తినేశాయి. కొత్తవాటికి బాగా ఎండిన కొయ్య కావాలన్నారు. "ఇంటింటికీ గడియలుండాయి గదప్పా" అన్నాడు తాత. అందరూ నవ్వారు, ఎవరూ తేలేదు. లచ్చుమక్క మాత్రం నన్ను ఊడబెరికి, భుజాన వేసుకొని పోయి వడ్రంగి ముందు పడేసింది.

"పిచ్చిదానా, తలుపుకేం పెడతావే?" అని మద్దిలేటి వెనకే పరిగెత్తుకొచ్చాడు.

"నీ మీసం పెడదాంలే" అంది.

నాలోంచి నాలుగు జతలు వచ్చాయి. నేనూ మరో జతా మద్దిలేటి రెండు చేతులకీ వచ్చాం. మిగతా రెండూ కిందివీధికి, అందునా సుంకన్నకి పోయాయి. అలా పంచినవాడు గిడ్డయ్య తాత. ఆయన ఏదీ ఊరికే చేయడు.

సాధన పట్టపగలే పెట్టారు. చీకటి పడ్డాక ఒక వీధివాళ్ళు ఇంకో వీధికి వచ్చే కాలం ఇంకా రాలేదు. ఎదురెదురుగా రెండు వరుసలు. ఎగరడం, కూర్చోవడం, చెక్కలు కొట్టడం వారంలో వచ్చేశాయి. ఒక్క అడుగు మాత్రం రాలేదు. వరుసలు ఒకదాన్నొకటి దాటి, గిర్రున తిరిగి, ఎదుటివాడికి వీపు పెట్టి ఎనిమిది దెబ్బలు వేయాలి. పద్నాలుగు మందీ తిరిగేవారు, పద్నాలుగు మెడలు మాత్రం వెనక్కే ఉండేవి.

"వీపులు చూపమంటే ముక్కులు చూపుతారేందిరా! కొంగలా మీరు?" అని తాత అరిచేవాడు.

మద్దిలేటికి ఎదురు నిలబడేవాడు సుంకన్న. తిరిగినప్పుడల్లా మద్దిలేటి చేయి నన్ను నలిపేసేది. ఇత్తడి బిళ్ళలు మోగాల్సిన చోట మూగబోయేవి. ఆ అడుగు రాకపోతే తిరునాళ్ళకి భజన లేదు. దానికంటే పెద్ద సంగతి, అతని ఇంటికి నిద్ర లేదు.

పాటతోనూ చిక్కే వచ్చింది. చెక్కభజనలో ఒక వరుస పాడింది ఎదుటి వరుస అక్షరం పొల్లుపోకుండా తిరిగి పాడాలి. ఊళ్ళో తెలిసిన పాటలన్నిట్లోనూ ఎవడో ఒకడు గెలుస్తాడు, ఇంకొకడు కూలుతాడు. కూలినవాడి మాట వచ్చేసరికి రెండు వరుసలూ నోళ్ళు మూసుకునేవి.

"అయితే పాట మీరే కట్టండి. గెలుపు లేని పాట" అన్నాడు తాత.

పది రోజులు మద్దిలేటి నాగలి వెనక గొణుక్కుంటూ నడిచాడు. బొడ్డులో దోపుకున్న నాకు ప్రతి అక్షరం వినిపించేది. మూడుసార్లు ఒక మాట పెట్టాడు, మూడుసార్లు తీసేశాడు. తిరునాళ్ళకి రెండు రోజుల ముందు, అందరి ముందూ కళ్ళు మూసుకొని పాడేశాడు.

*గడియ బెట్టి పండుకుంటి, గాలికే తలుపు కదిలె,*
*కుక్క మొరిగితే లేచి కూసుంటి తెల్లార్లు,*
*మీసమేమొ మూరెడాయె, నిద్దర బెత్తెడాయె,*
*బయమాయె నాకు సామీ, బయమాయె నాకు.*

పక్కనున్న పైవీధివాడు మోచేత్తో పొడిచాడు. "ఏందప్పా ఇది, ఆడోళ్ళ మాదిరి? వాళ్ళ ముందర మన గుట్టు విప్పుతాండావే!"

మద్దిలేటి కళ్ళు తెరవలేదు. ఆ పాట ఇప్పుడు సుంకన్న వరుస తిరిగి పాడాలి. రూలు రూలే. బయమనే ఆ మాటని వాళ్ళు నవ్వుతూ పాడితే మద్దిలేటి మళ్ళీ వీధిలో తలెత్తుకోలేడు. నేను చెమటలో నానిపోయాను. ఆ చెమట ఎవరిదో నాకు తెలుసు.

సుంకన్న మొదలుపెట్టాడు. మిగతా ఆరుగురూ అందుకున్నారు. మొదటి మూడు చరణాలు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. నాలుగో చరణం దగ్గర సుంకన్న గొంతు ఒక్కటే మిగిలింది, అదీ రూలు తప్పింది.

*మా ఇంటికి రెండు గడియలు, అయినా బయమే నాకు, సామీ.*

ఎవరూ నవ్వలేదు. తప్పు పాడితే బెత్తం ఎత్తే గిడ్డయ్య తాత తాళం మాత్రమే వేశాడు. "ఊఁ, దాటండి" అన్నాడు.

వరుసలు దాటాయి. మద్దిలేటి గిర్రున తిరిగాడు. అతని మెడ వీపుతో పాటే వచ్చింది. చేతి పట్టు వదులైంది, బిళ్ళలు ఎనిమిది దెబ్బలూ మోగాయి. వెనక నుంచి, నా తుమ్మమానులోంచే వచ్చిన సుంకన్న జతలు కూడా ఎనిమిది దెబ్బలూ మోగాయి.

తిరునాళ్ళలో బాగా ఆడారని చూసినవాళ్ళు చెప్పుకుంటారు. నాకు గుర్తున్నది మాత్రం ఆ సాధనరోజే.

ఇప్పుడు నేను అదే ఇంట్లో, అదే తలుపు పక్క మేకుకి వేలాడుతున్నాను. తలుపుకి సన్నటి గొళ్ళెం ఒకటే. మేక తోసినా ఊడిపోతుంది, ఆ మేక లోపలికొచ్చి బియ్యం తింటుంది. లచ్చుమక్క రోజూ తిడుతుంది, ఒక గడియ చేయించమని. మద్దిలేటి చూద్దాంలే అంటాడు, అటు తిరిగి పడుకుంటాడు. గురక పెడతాడు. అతని వీపు తలుపు వైపే ఉంటుంది.