మంచం మీంచి జారిన సంగతి

డాక్టరమ్మ గదిలో బుడ్డి మేనత్త తన వదిన పక్కన కూర్చుంది. వదిన ఒళ్లో ఆమె కూతురు బుడ్డి నడుం నిలవక మూటలా కూర్చుంది. పద్దెనిమిది నెలలు నిండినా పట్టుకుని కూడా నిలబడదు. డాక్టరమ్మ బల్ల మీద పెట్టిన పూసను వేళ్లతో తీయలేక అరచేత్తో తోసేస్తోంది.

"పిల్ల ఎప్పుడైనా కిందపడిందా?" డాక్టరమ్మ రాసుకుంటూ అడిగింది.

"లేదండీ. నేను కుట్టుపనికి వెళితే మా ఆడపడుచే చూసుకుంటుంది. కళ్లలో పెట్టుకుని పెంచుతోంది," అంది వదిన.

మేనత్తకు ఆ సంగతి గుర్తొచ్చింది. ఐదో నెలలో ఒకరోజు పాలసీసా కడిగి వచ్చేసరికి పిల్ల మంచం కింద ఉంది. గుక్కపట్టి ఏడ్చింది, నుదురు బొప్పి కట్టింది. సాయంత్రానికి వాపు తగ్గిపోతే ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి పక్కింటి పిల్లలు పాకినా, అడుగులేసినా ఆమెకు ముద్ద దిగేది కాదు. ఇప్పుడూ దాస్తే వైద్యం తప్పుతుందేమో!

"పడిందండీ," అంది మేనత్త. "నేనే మంచం అంచున పడుకోబెట్టాను. నా వల్లే ఇలా అయిందా?"

వదిన తల తిప్పి చూసింది.

"స్పృహ తప్పిందా? వాంతులు, ఫిట్స్?" అడిగింది డాక్టరమ్మ.

"లేవండీ."

"అప్పటికి మెడ నిలిపిందా?"

"లేదు," అంది వదిన మెల్లగా. "ఏడో నెల దాటాకే నిలిపింది. పుట్టగానే ఏడవనూ లేదు."

"అంటే పడకముందే వెనకబడి ఉంది. ఆ బొప్పి వల్ల కాదమ్మా ఇది. కాన్పులో ఊపిరి అందకపోయి ఉండొచ్చు, థైరాయిడ్ కావచ్చు, పుట్టుకతోనే వచ్చిన లోపం కావచ్చు. పరీక్షలు చేద్దాం. ఒక్కోసారి కారణం దొరకదు కూడా. బుద్ధి ఎంతవరకు ఎదుగుతుందో ఇప్పుడే చెప్పలేను. వ్యాయామం మాత్రం రేపే మొదలుపెట్టండి."

వరండాలోకి రాగానే వదిన ఆగింది. "ఏడాదిపైగా దాచావు. అడిగినప్పుడల్లా బాగానే ఉందన్నావు."

"నాలుగు తిట్లు తిట్టు వదినా."

"తిట్టే ఓపిక కూడా లేదు నాకు."

మూడు రోజులు మాటల్లేవు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. నాలుగో రోజు పొద్దున వ్యాయామం చేయిస్తూ వదిన బుడ్డిని స్టూలు పట్టించి నిలబెట్టబోతే మోకాళ్లు మెత్తగా మడతపడ్డాయి.

"ఇలా రా," అని పిలిచింది వదిన, అటు తిరిగే. "నడుం పట్టుకో. నా ఒక్కదాని వల్ల కావట్లేదు."

మూడేళ్లు దాటాక బుడ్డి నడిచింది, కాళ్లు ఎడంగా వేసుకుంటూ. మాటలు ఇంకా నాలుగైదే. బడిలో చేర్చుకుంటారో లేదోనన్న దిగులు ఇప్పుడు ఇద్దరిదీ.