వంకర జేబు నైటీ

గడ్డమున్న మగమనిషి నైటీ కుట్టమని వస్తే ఏ టైలరైనా ముందు అడిగేది ఒక్కటే. అత్తయ్య కూడా అదే అడిగింది, మీ ఆవిడ లావా సన్నమా, కొలతకి పాతదేమైనా తెచ్చావా అని.

"ఆవిడకి కాదండీ, నాకే" అన్నాడు గడ్డపాయన. పగలంతా బ్యాంకు కౌంటరులో కూర్చునే మనిషి, మర్యాద ఎక్కువ.

అత్తయ్య నోట్లోని గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది. వీధి మొత్తానికి ఆవిడ అత్తయ్య. పోయిన వాళ్ళాయన క్యాసెట్ల మావయ్య. ఇప్పుడు కుట్టుమిషను ఉన్న ఈ గదిలోనే ఒకప్పుడు ఆయన వీడియో షాపు నడిచేది. ఇదే గదిలో కూర్చుని ఆవిడ కుక్కలకు కోట్లు కుట్టింది, స్కూటర్లకు తొడుగులు కుట్టింది, నాటకాలవాళ్ళు బతిమాలితే ఒకసారి చెట్టుకు లాగు కూడా కుట్టింది. మగాడికి నైటీ అంటే నోరెళ్ళబెట్టే ఘట్టం ఎప్పుడో దాటేసింది. టేపు తీసి భుజాలు కొలవబోయింది.

గడ్డపాయన ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. "జేబు మాత్రం అచ్చం ఇలాగే వంకరగా ఉండాలండీ. పొరపాటనుకుని సరిచేసేయకండి. మా సంఘం నిలబడిందే ఆ జేబు మీద."

బొమ్మ అలుక్కుపోయి ఉంది. ఫ్రిజ్ ముందు వంగి ఉన్న ఆడమనిషి. నీలం గళ్ళ నైటీ. నీలం గుడ్డ చాలక పసుపు పూల కర్టెను ముక్కతో కుట్టిన జేబు, ఒక పక్కకు ఒరిగి ఉంది. నెత్తి మీద కళ్ళజోడు. అత్తయ్య టేపు వదిలేసి స్టూలు మీద కూర్చుంది. ఆ కర్టెను ఆవిడ వంటింటిది. ఆ నైటీ ఆవిడది. ఆ నడుము కూడా ఆవిడదే, కాకపోతే ఇప్పుడు అంత సులువుగా వంగడం లేదు.

ఇదెక్కడిదని అడిగితే గడ్డపాయన గొంతు తగ్గించి, దేవుడి గదిలో మాట్లాడుతున్నట్టు చెప్పుకొచ్చాడు. అదొక పాత జపాన్ భయానక చిత్రం, పేరు గొడుగుల సత్రం. కొండమీది సత్రానికి వచ్చినవాళ్ళని అక్కడి గొడుగులు ఒక్కొక్కరినే మింగేస్తాయి. నారింజరంగు వాన కురుస్తుంది. కెటిల్ ఏడుస్తుంది. ఒక డాక్టరు తన నీడ చిరిగితే దానికి కుట్లు వేసుకుంటాడు. ఇదంతా ఒక ఎత్తు, సినిమా నడిమధ్యన హఠాత్తుగా వచ్చే వంటింటి సీను ఒక ఎత్తు. ఒకావిడ ఏదో వెతుకుతూ ఫ్రిజ్ తీస్తుంది, బట్టలుతికే మిషను తీస్తుంది, దిళ్ళు ఎత్తుతుంది. ఆవిడ వెతుకుతున్నది ఆవిడ నెత్తినే ఉంటుంది. చివర్లో ఎవరూ కనబడకుండా ఒక మగగొంతు పలుకుతుంది, అదీ జపాన్ భాషలో కాదు, మన భాషలో. అక్కడితో చూసేవాళ్ళ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ సీను కోసమే సంఘం పుట్టింది, ఆ సీను కోసమే అందరూ నైటీలు వేసుకుంటారు.

అత్తయ్యకి మాత్రం అంతా పూసగుచ్చినట్టు గుర్తొచ్చింది. మావయ్య పెళ్ళిళ్ళు తీయడానికి కొత్తగా వీడియో కెమెరా కొన్న రోజు అది. దాన్ని పరీక్షించడానికి ఖాళీ క్యాసెట్టు లేక, షాపులో ఎవరూ ముట్టని క్యాసెట్టు ఒకటి తీసి, దాని మీద మళ్ళీ రికార్డయ్యేలా అంచున ఉన్న చిల్లుకి ప్లాస్టరు అంటించి కెమెరాలో పెట్టాడు. దాన్ని అద్దెకు తీసుకెళ్ళిన ఒకే ఒక్క మహానుభావుడు సగం చూసి భయపడో విసుగెత్తో, వెనక్కి తిప్పకుండానే తెచ్చి పడేశాడు. వెనక్కి తిప్పలేదని ఊళ్ళోవాళ్ళందరినీ చెడామడా తిట్టే మావయ్య, ఆ రోజు తనే తిప్పడం మర్చిపోయాడు. భార్య కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతుంటే వెనకాలే తిరుగుతూ తీసింది కాస్తా సినిమా నడిమధ్యన పడింది. సాయంత్రం దాన్ని మళ్ళీ అరలో పెట్టేశాడు. తర్వాత హాస్టలు కుర్రాళ్ళు ఎవరో పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు.

మావయ్య పోయి చాలాకాలమైంది. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ తీసినాయన తన ముక్క మాత్రం ఒక్కటీ తీయించుకోలేదు. ఫోటోలు ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు. అత్తయ్యకి ఆయన నవ్వేవాడని గుర్తుంది గానీ ఆ నవ్వు ఎలా వినబడేదో ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. మొగుడి గొంతు మర్చిపోయానని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

"ఆ మగగొంతు ఏమంటుంది నాయనా?" అని అడిగింది.

అది బయట పలకకూడదన్నాడు గడ్డపాయన. కాపీల మీద కాపీలు తీసుకోవడంలో శబ్దం ఎప్పుడో అరిగిపోయింది. ముందువాళ్ళ నోట విని తర్వాతివాళ్ళు నేర్చుకున్నారు. హాల్లో సినిమా ఆడేటప్పుడు అందరూ కలిసి పలకడమే తప్ప మరోచోట పెదవి విప్పకూడదని నియమం. ఫోన్లలోకి ఎక్కించడం మహాపాపం. మొదటి క్యాసెట్టు మాత్రం చేతులు మారి మారి సంఘం గురువుగారి దగ్గరికి చేరింది.

ఆ బొమ్మలో ఉన్నది నేనే అని అత్తయ్య చెప్పింది. గడ్డపాయన నవ్వాడు. బ్యాంకులో ముసలివాళ్ళు సంతకం మర్చిపోయినప్పుడు నవ్వే నవ్వు అది. ఆ నటి సముద్రంలో పడి చనిపోయిందని గురువుగారు పుస్తకంలో రాశారని చెప్పి వెళ్ళిపోయాడు.

నైటీ తీసుకోవడానికి వచ్చిన రోజు మాత్రం అతని నవ్వు ఎగిరిపోయింది. బొమ్మ పక్కన పెట్టి చూస్తే జేబు అదే వంకర, అదే ఒరుగు, పైఅంచున అదే మడత. అత్తయ్య బొమ్మ చూసి కుట్టలేదు. బొమ్మ ఆవిడ దగ్గర లేనే లేదు. జేబులు ఆవిడకి మొదటినుంచీ కలిసిరావు. కొలతబద్ద పెట్టి గీసుకుంటే తప్ప అలాగే వస్తాయి. గడ్డపాయన నైటీని గుండెలకి హత్తుకున్నాడు. తర్వాత ఆవిడని స్కూటరెక్కించుకుని తిన్నగా గురువుగారింటికి తీసుకెళ్ళాడు.

గురువుగారు ఆ ఒక్క సీను మీద మూడు పుస్తకాలు రాసి పైకొచ్చిన విమర్శకుడు. ఫ్రిజ్ అంటే సమాధి అనీ, నెత్తి మీది కళ్ళజోడు మూడో కన్ను అనీ మొట్టమొదట కనిపెట్టింది ఆయనే. భయం చివరికి ఎవరి భాషలో వాళ్ళతో మాట్లాడుతుంది కాబట్టి, ఆ గొంతు ఏ దేశం ప్రేక్షకుడికి ఆ దేశం భాషలోనే వినబడుతుందని సిద్ధాంతీకరించిందీ ఆయనే. వేరే దేశంవాళ్ళని ఎవరినైనా అడిగి చూశారా అంటే, అడిగి తెలుసుకోవడం నమ్మకం లేనివాళ్ళ పని అంటాడు.

ఆయన అత్తయ్యని కూర్చోబెట్టి, ఆ సీనులో ఆవిడ ఏం చేస్తోందో ఆవిడకే చాలాసేపు వివరించాడు. ఆ స్త్రీ వెతుకుతున్నది తన మరణాన్ని అన్నాడు.

"కళ్ళజోడు బాబూ" అంది అత్తయ్య.

"అది పైకి కనిపించే అర్థం" అని క్షమించేశాడు గురువుగారు. జేబు వంకర సంగతి చెబితే, లోకంలో వంకర జేబులు ఎవరైనా కుట్టగలరు గానీ కావాలని కుట్టించగలిగేది గొప్ప దర్శకుడొక్కడే అన్నాడు. గడ్డపాయన ఏదో నసగబోతే చూపుతోనే నోరు మూయించాడు. అత్తయ్యకి ఈ వాదంలో గెలవాలని లేదు. ఆ బొమ్మలో ఉన్నది తనో కాదో వాళ్ళిష్టం, ఆ క్యాసెట్టు ఒక్కసారి పెట్టి ఆ గొంతు వినిపిస్తే చాలంది. అది ఇప్పుడు తన దగ్గర లేదని, డిస్కుల కంపెనీకి ఇచ్చానని చెప్పాడు గురువుగారు.

కంపెనీ కథ ఇది. గొడుగుల సత్రాన్ని కొత్తగా శుభ్రం చేసి డిస్కుగా తెచ్చారు. జపాన్ నుంచి వచ్చిన అసలు ప్రింటులో వంటింటి సీను ఉండదు కదా, డిస్కులోనూ లేదు. సంఘం భగ్గుమంది. సినిమాకి ప్రాణంలాంటి సీను కత్తిరించారని నైటీలు వేసుకుని కంపెనీ గుమ్మం ముందు బైఠాయించారు. అసలు ప్రింటులో ఆ సీను లేదని కంపెనీకి తెలుసు. కొనేవాళ్ళే ఉందంటుంటే లేదని వాదించడానికి కంపెనీకి ఏం పట్టింది? గురువుగారి క్యాసెట్టు తెప్పించుకుని, దాన్ని కూడా శుభ్రం చేసి కలిపేస్తామని ఒప్పుకున్నారు.

అత్తయ్య మర్నాడు షాపు మూసి కంపెనీకి వెళ్ళింది. మేనేజరు ఇస్త్రీ చొక్కా మీద ఇంకో ఇస్త్రీ చేసినట్టున్నాడు. ఎవరు వచ్చినా సంతోషించే మనిషి. పని పూర్తయిపోయిందని, సీను నిన్న తీసినట్టు తయారైందని చెప్పాడు. పాత టేపు మెషిన్లో ఒక్కసారి ఆడి పొట్టు పొట్టుగా రాలిపోయిందట, అయినా అప్పటికే వీళ్ళకి కావలసింది వీళ్ళు లాగేసుకున్నారట. బొమ్మ మీది గీతలు తీసేశారు, గరగర తీసేశారు. కెమెరా వెనకాల ఎవడో దగ్గుతూ మాట్లాడుతుంటే అదీ తుడిచేసి, వయొలిన్లు పెట్టించారు.

తుడవకముందుది ఎక్కడైనా దాచారా అని అడిగింది అత్తయ్య.

"చెత్తని ఎవరు దాచుకుంటారండీ?"

"ఆ చెత్తే మా ఆయన బాబూ" అంది.

మేనేజరు పాపం నొచ్చుకున్నాడు. ఆవిడకి ఒక డిస్కు ఉచితంగా ఇప్పించాడు. అత్తయ్య ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని తనివితీరా ఏడ్చింది. డిస్కు పెట్టుకుని చూడటానికి ఇంట్లో యంత్రమేదీ లేదు, ఉన్నా పెట్టేది కాదు. ఆయన పోయినప్పుడు కూడా ఇంత కోపం రాలేదు. అప్పుడు రోగాన్ని తిట్టుకుంది. ఇప్పుడు శుభ్రాన్ని తిట్టుకోవలసి వచ్చింది.

ఈలోగా నైటీల గిరాకీ ఊపందుకుంది. గడ్డపాయన వేసుకున్న జేబు చూసి సంఘం సంఘమంతా ఆవిడ దగ్గరికే పరిగెత్తుకొచ్చింది. వంకర అంత సహజంగా ఇంకెవరికీ రావడం లేదని మెచ్చుకున్నారు. డిస్కు విడుదల సందర్భంగా ఆదివారం పొద్దుటి ఆట పెడుతున్నామని గడ్డపాయన టికెట్టు తెచ్చి ఇచ్చాడు. అత్తయ్య ముందు రానంది. తర్వాత, పోనీ ఆ కర్టెనైనా చూసొద్దాం అనుకుని చీర మార్చుకుని బయల్దేరింది.

హాలు నిండా నీలం గళ్ళే. గుమాస్తాలు, లెక్చరర్లు, కండలు తిరిగిన ఒక వ్యాయామం మాస్టారు, అందరూ తను కుట్టిన నైటీల్లో, నెత్తి మీద కళ్ళజోళ్ళతో కూర్చున్నారు. మాస్టారి చంకల దగ్గర ఇంకాస్త వదలాల్సిందని అత్తయ్యకి అనిపించింది. ముందు వరసలో గురువుగారు ఉన్నాడు. గొంతు తీసేశారని తెలిసి ఆయన ఒక్కరోజు కూడా బాధపడలేదు. నిశ్శబ్దమే అసలైన భయమని అప్పటికే వ్యాసం రాసి పంపేశాడు.

సినిమా మొదలైంది. గొడుగులు మనుషుల్ని మింగాయి. డాక్టరు నీడకి వేసిన కుట్లు చూసి, అంత దూరం దూరంగా వేస్తే నిలవవు అనుకుంది అత్తయ్య. అంతలో నారింజ వాన ఆగిపోయి, తెరంతా ఆవిడ వంటిల్లు వచ్చింది.

ఎంత శుభ్రంగా ఉందంటే కర్టెను మీది పసుపు పూలు లెక్కపెట్టొచ్చు. నల్లటి జుట్టుతో, నిటారుగా, విసుక్కుంటూ తిరుగుతోంది ఆ పిల్ల. పిల్లే, ఇప్పుడు చూస్తే. వయొలిన్లు ఏడుస్తున్నాయి. వాటి వెనకాల ఎక్కడో ఆయన ఉండాలి, లేడు. అత్తయ్యకి కళ్ళు నిండిపోయాయి. కళ్ళజోడు పైకి తోసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ తెర చూడబోతే అంతా మసకగా ఉంది. కళ్ళజోడు కోసం ఒళ్ళో తడిమింది, సంచీలో చెయ్యిపెట్టి కెలికింది, సీటు కింద వెతికింది. తన సీను తనకే కనబడకుండా అయిపోతోందని గాభరా పడింది.

అప్పుడు హాలంతా లేచి నిలబడింది. అందరూ కలిసి ముందు ఒక చిన్న దగ్గు దగ్గారు, పొగతాగేవాళ్ళు దగ్గే పొడిదగ్గు. తర్వాత ముక్కుతో పొట్టిగా నవ్వారు. ఆ నవ్వు వినగానే అత్తయ్య చెయ్యి సంచీలోనే ఆగిపోయింది.

"మహాతల్లీ" అన్నారు అందరూ ఒక్క గొంతుతో, చివర కాస్త సాగదీసి, సరిగ్గా ఆయన సాగదీసినంత. "ఇల్లు పీకి పందిరేసింది చాలు. ఒక్కసారి నెత్తి తడుముకో."

అన్నీ వచ్చేశాయి. దగ్గు తర్వాత ఊపిరి, మాటకి మాటకి మధ్య ఆ తాపీ, నవ్వు ఆపుకోలేక చివరి మాట దగ్గర వణికే ఆ వణుకు. ఒకరి నోట ఒకరు విని, కుర్రాళ్ళు మారిపోయి, క్యాసెట్లు అరిగిపోయి, ఏమీ అర్థంకాకుండానే అంతా దాచిపెట్టారు ఈ వెర్రిబాగులవాళ్ళు. అత్తయ్య చెయ్యి దానంతట అదే నెత్తి మీదికి వెళ్ళింది. కళ్ళజోడు అక్కడే ఉంది.

"ముందే చెప్పి చావొచ్చుగా" అంది పైకే. ఆ రోజు కెమెరా ఆగిపోయాక అన్నది కూడా ఇదే మాట.

ముందు వరసలోంచి గురువుగారు వెనక్కి తిరిగాడు. "సినిమాలో లేని మాటలు పలకకూడదమ్మా" అన్నాడు చిరాగ్గా.

అత్తయ్య కళ్ళజోడు కిందికి దించి పెట్టుకుంది. తెర మీది పిల్ల నెత్తి తడుముకుని, సిగ్గుపడి, కొట్టడానికి చెయ్యెత్తుతూ నవ్వుకుంటూ దగ్గరికి వస్తోంది. మృత్యువు దగ్గరికొస్తోందని హాలంతా ఊపిరి బిగబట్టింది. అత్తయ్య ఒక్కతే తిరిగి నవ్వింది.