చెయ్యెత్తేదాకా

నాకు నోరెక్కువ, గుండె తక్కువ. ఇది మా అత్తగారి మాట. ఆవిడ మాటల్లో నేను ఒప్పుకునేది ఇదొక్కటే. బొద్దింక కనబడితే వీధంతా వినేలా కేక పెడతాను. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపితే ఇంట్లోవాళ్లందరినీ వరసపెట్టి తలుచుకుంటాను. అలాంటిదాన్ని తీసుకొచ్చి క్వారీ గుంతల అంచులు కొలిచే పనిలో పడేశాడు దేవుడు.

మాది ప్లానింగ్ ఆఫీసు. రాబోయే ఏళ్లలో ఇసుక, కంకర ఎక్కడ తవ్వాలి, అందుకు ఏ భూమి కేటాయించాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది మ్యాపు మీద రంగు వేసి తేల్చడం మా పని. వినడానికి బానే ఉంటుంది. అందరికీ ఇల్లు కావాలి, రోడ్డు కావాలి, వంతెన కావాలి, గొయ్యి మాత్రం పక్కవాళ్ల వాకిట్లో ఉండాలి. "మా పెరటి వెనకే దొరికిందా మీకు?" అని ప్రతి మీటింగులోనూ మాకు అక్షింతలు పడతాయి. ఏ ముక్కకి రంగు వేసినా ఎవరో ఒకరి ఉసురు తగలకుండా ఉండదు.

నేను సర్వేయర్ని. లెవెల్ మిషను నాది, కొలకర్ర మా ఆయనది. అవును, కట్టుకున్నవాడే. ఆఫీసు ముందు కలిపింది, పెళ్లి తర్వాత కలిపింది. సన్నగా పొడుగ్గా, పాక గుంజలా నిలబెట్టినచోట నిలబడిపోయే మనిషి కాబట్టి అందరూ ఆయన్ని నిట్రాట అంటారు. "నిట్రాట ఇంట్లో అయినా సైటులో అయినా ఆవిడ చెయ్యెత్తితేనే కదులుతాడు" అని మా పెద్దసారు జోకు. అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. మూతి ముడుచుకునేది నేనే.

ఆ జోకులో అబద్ధం లేదు. మా పనికో పద్ధతుంది. దూరంగా ఆయన కర్ర నిలబెడతాడు. మిషను కంట్లోంచి నేను ఆ కర్ర మీద అంకె చదువుతాను. చదివాక మిషను దగ్గరే నిలబడి చెయ్యెత్తి నా వైపు ఊపితేనే ఆయన కదలాలి. ఒక్కోసారి ఆయన్ని అక్కడే ఉంచి నేను మిషనుని ఇంకో చోటికి మార్చుకోవాల్సి వస్తుంది. అప్పుడు కర్ర వెంట్రుకవాసి జరిగినా పొద్దుటినుంచి చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని నేను మిషను వదిలి పక్కకి వచ్చానంటే ఆయనకి ఒకటే అర్థం. ఊపిరి తప్ప ఇంకేదీ కదపకూడదు.

ఓ రోజు ఎండగా ఉందని ఆయన కర్రతో సహా నీడలోకి జరిగాడు. సరిగ్గా నేను మిషను మార్చుకుంటున్నప్పుడే. మళ్లీ మొదటికి వచ్చింది వ్యవహారం. నేను ఊరుకుంటానా? జీపు డ్రైవరు ముందే కడిగేశాను.

"పిడుగు పడ్డా సరే, నేను చెయ్యెత్తేదాకా కదలకండి! అర్థమైందా?"

"అయిందే తల్లీ, అయింది" అన్నాడు.

మర్నాడు వెళ్లింది పాత క్వారీకి. లోతైన గుంత, దాని పక్కన ఖాళీ బీడు, బీడు చివర ఓ ఇళ్ల వరస. గుంతని ఇళ్ల వైపు పెంచుకోవడానికి ఆ బీడుని కేటాయించొచ్చా? కేటాయిస్తే తవ్విన అంచుకీ ఇళ్లకీ మధ్య ఎంత వెడల్పు పట్టీ ముట్టుకోకుండా వదలాలి? మేం తేల్చాల్సింది ఇదే. పెద్దసారు అప్పటికే పాత మ్యాపు మీద ఇళ్ల వెనకాల పెన్సిలుతో సన్నగా ఓ పట్టీ గీసి పెట్టారు. మిగతా బీడంతా రంగు వేయడానికి సిద్ధంగా ఉంది.

"ఊరికే ఓసారి చూసి రండమ్మా. అంచు ఎక్కడికి పోతుంది?" అన్నారు.

బీడు మధ్యలో మిషను నిలబెట్టాను. ఆయన ఫోను ఎప్పటిలాగే నా సంచిలో పడేశాడు, రెండు చేతులూ కర్రకే కావాలి కాబట్టి. గుంత అంచుదాకా వెళ్లి, గుంతకి వీపు పెట్టి, నాకేసి తిరిగి నిలబడతాడు. ఆ అంచు దగ్గరకి వెళ్లేది ఆయన, ఇక్కడ వణికేది నేను.

"మరీ చివరికి వెళ్లకండి" అన్నాను.

"అంచు కొలవమంటే అంచునే నిలబడాలి కదే? భయపడకు. పిడుగు పడ్డా కదలనులే" అని దెప్పి, కర్ర భుజాన వేసుకుని వెళ్లాడు.

గుంతలో అవతలి పక్క కంకర జల్లించే మిషను తిరుగుతోంది. దాని రొద ముందు పక్కనున్న మనిషి మాటే వినబడదు. ఆయన నిలబడ్డాడు. నేను వంగి మిషను కంట్లోంచి చూశాను. కంట్లో కనబడే అడ్డగీత మీద అంకె చదివి, రాసుకుని, ఎందుకైనా మంచిదని ఇంకోసారి చూశాను.

అంకె మారింది.

"ఈయనగారు మళ్లీ కర్ర వంచారు" అని పళ్లు నూరుకున్నాను. పరీక్షగా చూశాను. కర్ర నిటారుగానే ఉంది. ఆయన పేరుకి తగ్గట్టే ఉన్నాడు. గాలి కూడా లేదు. అయినా అడ్డగీత దగ్గర అంకె పెరుగుతోంది. గడియారంలో పెద్దముల్లు నడిచినట్టు, చూస్తూ ఉంటే తెలియకుండా, చూపు తిప్పుకుని మళ్లీ చూస్తే తెలిసేలా. మనిషి కదలకుండా, కర్ర వంగకుండా అంకె పెరిగిందంటే దానికి ఒకటే కారణం. ఆయన కాళ్ల కింద నేల కిందికి దిగుతోంది.

తలెత్తి మామూలు కళ్లతో చూశాను. ఆయనకీ నాకూ మధ్య, ఆయనకి కాస్త ముందుగా, గడ్డిలో పాపిడి తీసినట్టు నల్లటి గీత. అది ఒక కొస నుంచి ఇంకో కొసకి వంపు తిరిగి గుంతలోకి దిగిపోయింది. ఆ గీతకి అవతల ఉన్న నేలంతా ఒక ముక్క. ఆ ముక్క మీద నా మొగుడు.

"ఏమండీ! వచ్చేయండి! ఇటు వచ్చేయండి!"

నా గొంతు నాకే వినబడలేదు. సంచిలోంచి ఫోను లాగి ఆయనకి చేశాను. అదే సంచిలో ఆయన ఫోను మోగింది. అయ్యో నా రాత! ఫోను పారేసి, రెండు చేతులూ ఊపుకుంటూ ఆయన వైపు పరిగెత్తాను.

ఆయన నన్ను చూశాడు. చూసి, రెండు పాదాలూ దగ్గరికి తెచ్చుకుని, కర్రని గుండెలకి ఆనించుకుని, ఇంకా బిగుసుకుపోయాడు. పళ్లు కనబడుతున్నాయి. నవ్వుతున్నాడు.

సగం దూరంలో నా కాళ్లు ఆగిపోయాయి. నేను మిషను వదిలి వచ్చేశాను కదా! మిషను వదిలితే ఆయన కదలడు. నేను ఎంత గంతులేస్తే అంత కదలడు. నిన్న డ్రైవరు ముందు కడిగింది నేనే. దాటుకుని వెళ్లి చెయ్యి పట్టి లాక్కొద్దామా? నా బరువు కూడా ఆ ముక్క మీద పడితే? నిజం చెప్తున్నాను, అంత ఆలోచన తర్వాత చేశాను. అప్పుడు మాత్రం అడుగు ముందుకి పడలేదు, అంతే.

ఇక ఒకటే దారి. వెనక్కి వెళ్లాలి. అలాంటి చోట ఆయన్ని వదిలి, ఆయనకి వీపు చూపించి, మళ్లీ మిషను దగ్గరికి వెళ్లాలి. నా జన్మలో అంత కష్టమైన నడక లేదు. తిరిగి చూసేసరికి ఉంటాడో ఉండడో. పరిగెత్తితే కంగారుపడి అటూ ఇటూ చూస్తాడని, పరిగెత్తకుండా నడిచాను. పెదవులు కొరుక్కుంటూ నడిచాను.

వంగాను. కంట్లో ముందు అంతా మసక. అది మిషను తప్పు కాదు, నా కన్నీళ్లు. తుడుచుకుని చూశాను. ఆయన ఉన్నాడు. అంకె ఇంకా పైకి వెళ్లింది. ఇందాక మెల్లగా పెరిగింది ఇప్పుడు చూస్తూ ఉండగానే పెరుగుతోంది. రోజూ చేసేటట్టే ఒక్క క్షణం ఆగి, తలెత్తి, చెయ్యెత్తాను. తాపీగా నా వైపు ఊపాను. ఊపు తొందరపడకుండా ఇంకో చేత్తో మోచెయ్యి పట్టుకున్నాను.

ఆయన తలూపాడు. కర్ర ఎత్తాడు. ఎత్తి, జేబులోంచి గుడ్డ తీసి, కర్ర అడుగుకి అంటిన మట్టి తుడవడం మొదలుపెట్టాడు.

ఓరి భగవంతుడా! ఆ అలవాటు నేర్పిందీ నేనే. మట్టి అంటితే కొలత తప్పొస్తుందని వెంటపడి మరీ నేర్పాను. ఒక మూల తుడిచాడు. తిప్పాడు. ఇంకో మూల తుడిచాడు. గుడ్డ దులిపాడు. మడతపెట్టాడు! మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను మళ్లీ చెయ్యి ఊపాను. అరవలేదు, గెంతలేదు, ఆ ఒక్క సైగే చేశాను. ఆయన కర్ర భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు.

పగులు దగ్గరికి వచ్చి ఆగాడు. ఇవతలి నేల ఆయన మోకాలి ఎత్తున ఉంది. వంగి చూశాడు. నాకేసి చూసి, వేలితో కిందకి చూపించి ఏదో అన్నాడు. ఎక్కండి, ఎక్కండి నాయనా, తర్వాత చూద్దురుగాని! నా చెయ్యి ఆగలేదు. ఆయన ఒక కాలు పైన పెట్టాడు, కర్ర ఊతంగా ఆనించాడు, రెండో కాలు కూడా పెట్టాడు. నాలుగడుగులు వేశాడు.

ఆయన వెనక నేల వెళ్లిపోయింది. పెద్ద చప్పుడేమీ లేదు. గోతంలోంచి బియ్యం జారినట్టు ఓ పొడుగాటి శబ్దం జల్లెడ రొదలో కలిసిపోయింది. ఆయన నిలబడిన గడ్డి, ఆ పక్కన ఆకాశానికి అడ్డంగా ఉన్న పొదలు, ఏవీ లేవు. దుమ్ము లేచింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. చూడకుండానే నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"అంకె రాసుకున్నావా?"

"అంకె నీ మొహం!" అని గుండెల మీద బాదాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన్ని ఏకవచనంలో అన్నది అదే మొదలు. "నీకు కళ్లు లేవా? నేనట్లా చచ్చేలా పరిగెత్తుకొస్తుంటే నీకేమనిపించింది?"

"కందిరీగలు తరుముతున్నాయనుకున్నా."

"మరి రాలేదేం?"

"నువ్వు మిషను దగ్గర చెయ్యెత్తలేదుగా" అన్నాడు.

అప్పుడు తిరిగి చూశాడు. చూసి, ఉన్నచోటే కూలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కర్ర వదలమంటే వేళ్లు విప్పుకోలేదు. ఒక్కో వేలూ నేనే విడదీశాను. అంత సేపూ భయం నా ఒక్కదానిదే, ఇప్పుడు ఇద్దరం పంచుకున్నాం. అయినా నా వాటా తగ్గలేదు.

కబురందుకుని పెద్దసారు పరిగెత్తుకొచ్చారు. జల్లెడ ఆపించారు. క్వారీ మేస్త్రీ వచ్చి, గుంతలో నీళ్లు తోడేసినప్పుడల్లా అడుగు ఇసుక కారిపోతోందనీ, పైన గడ్డి ఉంది కదాని ఎవరూ చూడలేదనీ అన్నాడు. పెద్దసారు కొత్త అంచు వైపు ఒక్క అడుగు వేయబోతే ఆయన చొక్కా పట్టుకుని లాగాను. పైఅధికారి చొక్కా. ఆయన అక్కడే ఆగి అడిగారు.

"అయితే పట్టీ ఇంకాస్త వెడల్పు చేద్దామమ్మా. ఎంత వదలమంటావు?"

"నా కాళ్లు ఎక్కడ వణకడం మానితే అంత" అన్నాను.

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి మానేశారు. నేను హద్దుకి పాతే కొయ్య మేకు చేత్తో పట్టుకుని, ఆ కొత్త అంచుకేసి చూస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టాను. మిషను దగ్గర ఆగి చూశాను. వణుకుతున్నాయి. ఇంకా వెనక్కి వెళ్లాను. మా ఆయన నా పక్కనే వెనక్కి నడిచాడు. ఎక్కడ ఆగినా ఆ నల్లటి పాపిడి నా కాళ్ల ముందే ఉన్నట్టుంది. చివరికి వీపుకి ఏదో తగిలింది. ఇళ్ల ప్రహరీ. గోడవతల ఎవరో బట్టలు ఆరేస్తున్నారు, క్లిప్పుల చప్పుడు వినబడుతోంది.

అక్కడ దిగ్గొట్టాను మేకు.

పెద్దసారు మ్యాపు విప్పి, మేకునీ గుంతనీ మార్చి మార్చి చూశారు. "అంటే ఇప్పుడున్న అంచుకీ ఇళ్లకీ మధ్య ఉన్నదంతా పట్టీకే సరిపోయింది. కేటాయించడానికి ఏం మిగల్లేదు కదమ్మా?"

"మిగల్లేదు సార్."

"భయపడ్డాం అని రాస్తే పైవాళ్లు ఒప్పుకోరు. లెక్కలు కావాలి."

"రాస్తాను. నేల ఎంతసేపట్లో ఎంత దిగిందో నా కళ్లతో చదివాను, అదీ రాస్తాను. ఇంకా చాలకపోతే వాళ్లనే వచ్చి కర్ర పట్టుకోమనండి!"

పెద్దసారు జేబులోంచి రబ్బరు తీశారు. తాను గీసిన సన్నటి పట్టీని అక్కడే, మోకాలి మీద మ్యాపు పెట్టుకుని చెరిపేశారు.

మేకు దగ్గర ఒక్క కొలత మిగిలింది. జీపు డ్రైవర్ని పట్టుకోమంటానన్నాను. మా ఆయన వినలేదు. కర్ర తీసుకుని గోడ దగ్గరికి వెళ్లి, అడుగు శుభ్రంగా తుడిచి, మేకు మీద నిలబెట్టి, నిట్రాటలా నిలబడ్డాడు. వెనక గుంత లేదు, గోడ ఉంది. నేను వంగి చూశాను. అంకె చదివాను. రాసుకున్నాను. మళ్లీ చూశాను. అదే అంకె. మళ్లీ చూశాను.

"కాళ్లు పీకుతున్నాయే, చెయ్యెత్తు!" అని అరిచాడు. జల్లెడ ఆగిపోయింది కదా, ఈసారి బాగానే వినబడింది.

అంకె కదలడం లేదు. కదలడం లేదని తెలుసు. అయినా ఇంకాసేపు చూస్తూనే ఉన్నాను.